నీడకు రంగు ఉన్నదా? – మోనే చిత్రించిన రూవాన్ కేథడ్రల్

సున్నము కొట్టిన గోడ ఏ రంగు అని ఎవరినైనా అడిగితే తెలుపు అని వెంటనే చెపుతారు. ఉదయము అడిగినా అదే జవాబు, మిట్టమధ్యాహ్నము అడిగినా అదే జవాబు, దీపాలు పెట్టే వేళ అడిగినా అదే జవాబు. అయితే ఆ గోడమీదినుంచి మన కంటికి చేరే వెలుగు ఈ మూడు వేళలలోను ఒకటి కాదు. సాయంకాలపు ఎండ పడినప్పుడు అందులో పసుపు, నారింజ ఛాయలు హెచ్చుగా ఉంటాయి. అదే గోడ నీడపట్టున ఉన్నప్పుడు నీలము హెచ్చుగా ఉంటుంది. ఈ తేడాలను మన మెదడు సరిదిద్ది “గోడ తెల్లనిదే” అని తీర్పు చెపుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని వర్ణస్థిరత్వము అంటారు.

ఇది మనకు ఎంతో ఉపయోగపడే గుణము. ఇది లేకపోతే ఎండలో చూచిన పండును చెట్టునీడలో పోల్చుకోలేము. కాని చిత్రకారునికి ఇదే అడ్డు. కంటికి ఏమి చేరుతున్నదో అతడు చూడబోతే, తనకు ముందే తెలిసినదానిని మెదడు తెచ్చి ముందు పెడుతుంది. ఈ అడ్డును దాటడానికి ఒక చిత్రకారుడు రెండు సంవత్సరాలు వరుసగా ఒకే రాతిగోడ ముందు కూర్చున్నాడు. ఆయన పేరు క్లోద్ మోనే. ఆ గోడ ఫ్రాన్సు దేశపు రూవాన్ నగరములోని కేథడ్రల్, అనగా ప్రధాన క్రైస్తవ దేవాలయము, ముఖభాగము.

పట్టణము, దేవాలయము

రూవాన్ పారిస్ నగరానికి వాయవ్యముగా సీన్ నది ఒడ్డున ఉన్నది. అది ఎంతోకాలము నూలుబట్టలకు, అద్దకాలకు పేరుపొందిన పట్టణము. మచిలీపట్నము మొదలైన భారతీయ రేవులనుంచి యూరపుకు పోయిన అద్దకపు బట్టలకు పోటీగా 18వ శతాబ్దములో ఫ్రాన్సులో తయారు చేసిన బట్టలను అక్కడివారు “ఇండియెన్” అనే పేరుతోనే పిలిచినారు. రూవాన్ కార్ఖానాలు అటువంటి బట్టలను నేసి, అద్ది అమ్మినవే. మోనే అన్నగారు లియోన్ కూడా ఈ ప్రాంతములోనే రంగుల రసాయన శాస్త్రజ్ఞుడుగా పనిచేసినాడు.

ఆ పట్టణము మధ్యనున్న కేథడ్రల్‌ను 12వ శతాబ్దమునుంచి 16వ శతాబ్దము వరకు దశలు దశలుగా కట్టినారు. 1876లో పూర్తయిన దాని ఇనుప శిఖరము 151 మీటర్ల ఎత్తు. 1880లో జర్మనీలోని కొలోన్ దేవాలయము పూర్తి అయ్యేవరకు ప్రపంచములో అదే అన్నిటికంటె ఎత్తయిన కట్టడము. కాని మోనేకు ఈ ఎత్తుతో పని లేదు. ఆయన చిత్రాలు చాలావాటిలో శిఖరము కనబడనే కనబడదు. ఆయన చూచినది పడమటి ముఖము: మూడు ద్వారాలు, గులాబీ కిటికీ, ఎడమ పక్క సెయిన్ రొమేన్ గోపురము, కుడి పక్క వెన్న గోపురము అని పేరుపడిన మరొక గోపురము.

ఈ ముఖము లేతరంగు సున్నపురాతి పని. దానిమీద చదునైన జాగా దాదాపు లేదు. కమానులు, విగ్రహాలు, గూళ్ళు, సన్నని స్తంభాలు, జల్లెడవలె తొలిచిన అల్లికలు దట్టముగా నిండి ఉన్నవి. ప్రతి ఉబ్బెత్తు వెలుగును పట్టుకొంటుంది, ప్రతి లోతు నీడను దాచుకొంటుంది. సూర్యుడు కొద్దిగా జరిగితే చాలు, గోడమీద వేలకొద్ది చిన్న నీడలు ఒక్కసారిగా కదులుతాయి. వెలుగును పరీక్షించడానికి ఇంతకంటె మంచి తెర దొరకడము కష్టము.

నీడను గూర్చిన పాత ప్రశ్న

నీడ చూపవలెనంటే వస్తువు రంగులో కొంత నలుపో, గోధుమరంగో కలపడము చిత్రశాలలలో చాలాకాలము నడచిన పద్ధతి. నీడ అంటే వెలుగు లేకపోవడమే అనే భావము దీనికి మూలము. ఈ భావము సరికాదని శ్రద్ధగా చూచినవారు కొందరు ముందే కనిపెట్టినారు. తెల్లని గోడమీద సాయంకాలపు నీడలు నీలముగా ఉంటవని లియొనార్డో డావించి తన వ్రాతలలో గుర్తించినాడు. గాలి తీసివేసిన రాగి అర్ధగోళాలను గుర్రాలచేత లాగించి ప్రసిద్ధుడైన ఆటో వాన్ గెరికే 1672లో అచ్చయిన గ్రంథములో ఇంకొక ప్రయోగము చెప్పినాడు. తెల్లవారుజామున కొవ్వొత్తి వెలుగుకు, పగటి వెలుగుకు మధ్య తెల్లకాగితముమీద వేలు అడ్డము పెడితే నీలిరంగు నీడ పడుతుంది.

ఈ ప్రయోగమును పాఠకులు ఇంటిలోనే చేయవచ్చును. సంధ్యవేళ కిటికీ దగ్గర ఒక తెల్లకాగితము పరచి, కిటికీకి ఎదురుపక్కగా నూనెదీపమో కొవ్వొత్తో వెలిగించండి. కాగితము మధ్య ఒక పెన్సిలు నిలబెట్టండి. రెండు నీడలు పడతాయి. కిటికీ వెలుగు అందని చోట దీపపు వెలుగు మాత్రమే ఉంటుంది గనుక ఆ నీడ పసుపుపచ్చగా కనబడుతుంది. దీపపు వెలుగు అందని చోట ఆకాశపు వెలుగు మాత్రమే ఉంటుంది గనుక ఆ నీడ నీలముగా కనబడుతుంది. రెండు నీడలలో ఏ ఒక్కటీ నలుపు కాదు. నీడ అంటే వెలుగు లేని చోటు కాదు, ఒక వెలుగు తప్పుకొని మరొక వెలుగు మిగిలిన చోటు.

1794లో కౌంట్ రమ్‌ఫర్డ్ ఈ విషయమును ఇంకొక మెట్టు ముందుకు తీసుకొనిపోయినాడు. రంగునీడను ఒక గొట్టములోనుంచి, చుట్టుపక్కల మరేమీ కనబడకుండా చూచినప్పుడు రంగు మాయమైపోవడము ఆయన గమనించినాడు. అంటే నీడ రంగులో కొంతభాగము వెలుగుది, కొంతభాగము చుట్టూ ఉన్న రంగులతో పోల్చి చూచే కంటిది.

కంటి పాత్రను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రల్ విపులముగా పరిశీలించినాడు. ఆయన పారిస్‌లోని గోబ్లాన్ రాజ నేతశాలలో అద్దకపు శాఖకు అధికారి. నీలపు, ఊదారంగు వస్త్రాల మడతలలో నీడ చూపుటకు వాడిన నల్లదారము తగినంత నల్లగా లేదని అక్కడివారు ఫిర్యాదు చేసినారు. షెవ్రల్ ఇతర దేశాల నల్లదారములతో పోల్చి చూచినాడు. అద్దకములో లోపము లేదు. లోపము పక్కన ఉన్న రంగుది. నీలము పక్కన పెట్టగానే నలుపు వెలవెలబోయినది. రంగులు ఒకదాని పక్కన ఒకటి చేరినప్పుడు ఒకదానినొకటి మార్చుకొంటాయనే ఈ నియమమును ఆయన 1839లో పెద్ద గ్రంథముగా ప్రకటించినాడు. ఫ్రెంచి చిత్రకారులలో అది బాగా ప్రచారము పొందినది.

ఉదయపు నీలము, మధ్యాహ్నపు బంగారము

ఇక ఆకాశపు వెలుగు నీలముగా ఎందుకున్నదో 1871లో లార్డ్ రేలే గణితముతో నిరూపించినాడు. గాలిలోని అతి సూక్ష్మమైన కణాలు పొట్టి తరంగాలను ఎక్కువగాను, పొడవు తరంగాలను తక్కువగాను చెదరగొడతాయి. ఈ చెదరుట తరంగదైర్ఘ్యపు నాల్గవ ఘాతమునకు విలోమముగా ఉంటుంది. 450 నానోమీటర్ల నీలపు కాంతి 650 నానోమీటర్ల ఎర్రని కాంతికంటె నాలుగు రెట్లకు పైగా చెదరుతుంది. చెదరిన నీలము ఆకాశమంతా నిండి, ఎండ తగలని ప్రతి చోటికి వచ్చి చేరుతుంది.

ఇప్పుడు రూవాన్ కేథడ్రల్ ముందుకు వెళదాము. దాని ముఖము పడమటికి గనుక ఉదయము సూర్యుడు దేవాలయము వెనుక ఉంటాడు. ముఖభాగమంతా నీడలో ఉండి ఆకాశపు వెలుగును మాత్రమే అందుకొంటుంది. అందుకే మోనే ఉదయపు చిత్రాలు నీలము, ఊదా ఛాయలతో నిండి ఉన్నవి. మధ్యాహ్నము సూర్యుడు దక్షిణానికి చేరేసరికి కిరణాలు గోడను పక్కనుంచి ఒరుసుకొంటూ పోతాయి. చిన్న ఉబ్బెత్తు కూడా పొడుగాటి నీడ వేస్తుంది. రాతిపని అంతా ఒక్కసారి మేలుకొన్నట్లుంటుంది. ఆ తరువాత ఎండ నేరుగా ముఖముమీద పడి రాయి మీగడరంగు, బంగారురంగు పొందుతుంది. సాయంకాలము ఎదుటి ఇండ్ల నీడ క్రిందినుంచి ప్రాకుతూ ద్వారాలను ముంచుతుంది, పైభాగము మాత్రము ఎండలో మిగులుతుంది.

మంచి ఎండవేళ వేసిన చిత్రాలలో ఒక వింత ఉన్నది. ద్వారాల లోతులలో, బాగా చీకటిగా ఉండవలసిన చోట, మండుతున్న నారింజరంగు కనబడుతుంది. ఇది చిత్రకారుని చాపల్యము కాదు. ఎండ పడిన నేల, రాయి వెలుగును లోపలికి పరావర్తనము చేస్తాయి. లోపలి రాయి దానిని మరొక రాతిమీదికి పంపుతుంది. రాయి తనమీద పడిన పసుపు వెలుగులో నూటికి 60 పాళ్ళు, నీలపు వెలుగులో 45 పాళ్ళు తిరిగి పంపుతుందని ఉదాహరణకు అనుకొందాము. రెండుసార్లు పరావర్తనము జరిగేసరికి పసుపు 36 పాళ్ళు, నీలము 20 పాళ్ళు మిగులుతుంది. మొదట 60కి 45గా ఉన్న నిష్పత్తి ఇప్పుడు 36కు 20. వెలుగు తగ్గినకొద్దీ పసుపుదనము పెరిగినదన్నమాట. అందువల్ల లోతైన గూడు ఆకాశము వైపు తెరచిన నీడవలె నీలముగా ఉండక, వెచ్చని రంగుతో వెలుగుతుంది.

మోనే ఈ లెక్కలు వేసినవాడు కాదు. సిద్ధాంతాలమీద ఆయనకు ఆసక్తి తక్కువ. కాని చూచినది వేయడానికి తగిన రంగులు ఆయన చేతికి అందినవి రసాయనశాస్త్రము పుణ్యముననే. 1802లో తెనార్ కోబాల్ట్ నీలమును తయారుచేసినాడు. 1817లో స్ట్రోమేయర్ కాడ్మియము లోహమును కనుగొన్న తరువాత దానినుంచి నిగనిగలాడే పసుపురంగు వచ్చినది. 1859లో గిన్యే క్రోమియమునుంచి నిలకడైన ఆకుపచ్చ తీసే పద్ధతికి పేటెంటు పొందినాడు. 1841లో రాండ్ అనే అమెరికా చిత్రకారుడు తగరపు గొట్టాలలో రంగులు నింపే ఉపాయము కనిపెట్టినందువల్ల చిత్రకారులు రంగులు నూరుకొనే పని మాని ఆరుబయటకు పోగలిగినారు. తాను వాడే రంగులను మోనే 1905లో ఒక ఉత్తరములో పేర్కొన్నాడు: సీసపు తెలుపు, కాడ్మియము పసుపు, ఇంగిలీకము, ముదురు మంజిష్ఠ ఎరుపు, కోబాల్ట్ నీలము, క్రోమియము పచ్చ. ఆ జాబితాలో నలుపు లేదు.

సూర్యునితో పందెము

1892 ఫిబ్రవరిలో మోనే రూవాన్ చేరి, దేవాలయమునకు ఎదురుగా ఉన్న ఇండ్లలో గది తీసుకొని పని మొదలుపెట్టినాడు. కొంతకాలము స్త్రీల దుస్తుల దుకాణము మేడమీద కూర్చుని చిత్రించినాడు. చుట్టూ అనేక పటాలు సిద్ధముగా పెట్టుకొనేవాడు. ఒక్కొక్క పటము ఒక్కొక్క వేళకు. వెలుగు మారగానే ఆ పటము దించి మరొకటి ఎత్తేవాడు. ఇంతకుముందు పాప్లర్ చెట్లను వేస్తున్నప్పుడు ఒక పటానికి తగిన వెలుగు ఏడు నిమిషాలు మాత్రమే నిలిచేదని ఆయనను ఎరిగిన అమెరికా చిత్రకారిణి లిల్లా కాబట్ పెర్రీ వ్రాసినది. సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతాడు గనుక ఏడు నిమిషాలలో దాదాపు 1¾ డిగ్రీలు, అనగా తన బింబానికి మూడున్నర రెట్ల దూరము పోతాడు.

గంటల మార్పును పటాలు మార్చి ఎదుర్కొనవచ్చును. రోజుల మార్పును ఎట్లా ఎదుర్కొనడము? రూవాన్ దాదాపు 49½ డిగ్రీల ఉత్తర అక్షాంశముమీద ఉన్నది. అక్కడ ఫిబ్రవరి 10న మధ్యాహ్నపు సూర్యుడు దిగంతమునుంచి సుమారు 26 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఏప్రిల్ 10 నాటికి 48 డిగ్రీలు దాటుతాడు. అంటే ఫిబ్రవరిలో మొదలుపెట్టిన “మధ్యాహ్నము” మార్చిలో ఉండదు. నీడల పొడవులు మారుతాయి, ఎండ తగిలే గంటలు మారుతాయి. పైగా మబ్బులు, వానలు. పటము పూర్తికాకముందే దాని వస్తువు మాయమవుతుంది.

ఈ పని ఆయనను క్రుంగదీసినది. 1892 ఏప్రిల్‌లో అలీస్‌కు వ్రాసిన ఉత్తరములో తనకు వచ్చిన ఒక పీడకలను చెప్పుకొన్నాడు. ఆ కలలో కేథడ్రల్ తనమీద కూలిపోతున్నదట, అది నీలముగానో, గులాబిరంగుగానో, పసుపుగానో ఉన్నదట. అలీస్ ఆ సంవత్సరమే జూలైలో ఆయన భార్య అయినది. ఏప్రిల్‌లో పని ఆపి, 1893లో మళ్ళీ అదే ఫిబ్రవరినుంచి ఏప్రిల్ వరకు వచ్చి కూర్చున్నాడు. సంవత్సరము తిరిగి అదే తేదీ వచ్చినప్పుడు సూర్యుడు తిరిగి దాదాపు అదే మార్గానికి వస్తాడు. పోయిన వెలుగును పట్టుకొనడానికి ప్రకృతి ఇచ్చే అవకాశము అదొక్కటే.

అప్పటికీ చిత్రాలు తీరలేదు. వాటిని జివెర్నీ గ్రామములోని తన చిత్రశాలకు తీసుకొనిపోయి, ఒకదానితో ఒకటి పోల్చుకొంటూ దిద్దినాడు. చాలా చిత్రాలమీద ఆయన వేసిన సంవత్సరము 1894. కనుక ఇవి ఫోటోలవలె క్షణములో పట్టినవి కావు. గోడముందు చూచినదానిమీద జ్ఞాపకము, పోలిక చేసిన పని కూడా వాటిలో ఉన్నది. ఈ సంగతి మరచి వాటిని కొలతలవలె చదవడము పొరపాటు. అయినా ఆయన ముప్ఫైకి పైగా పటాలలో ఒకే రాతిని తీసుకొని, వేళను, వాతావరణమును మాత్రము మార్చినాడు. ఒకదానిని స్థిరముగా ఉంచి మరొకదానిని మార్చి చూడడము ప్రయోగశాలలో మనము చేసే పనే.

ఒక్కటి చాలదు

1895 మేలో పారిస్‌లోని ద్యురాన్-ర్యూయెల్ ప్రదర్శనశాలలో ఈ వరుసలోని 20 చిత్రాలను ఒకేచోట పెట్టినారు. ఒక్కొక్క దానిని విడిగా చూచినవానికి ఇది నీలపు దేవాలయము, ఇది బంగారు దేవాలయము అని మాత్రమే అనిపించవచ్చును. ఇరవైని కలిపి చూచినవానికి వేరొక సంగతి తెలుస్తుంది. వీటిలో ఏ రంగూ దేవాలయముది కాదు. రంగు రాతిలో నిలువ ఉన్న గుణము కాదు. రాయి, దానిమీద పడే వెలుగు, మధ్యనున్న గాలి, చూచే కన్ను ఈ నాలుగూ కలిసినప్పుడు పుట్టే ఫలము.

దీనిని వెంటనే గ్రహించినవారిలో ఒకడు రాజకీయవేత్త, పత్రికారచయిత, వైద్యవిద్య చదివినవాడు అయిన క్లెమెన్సో. ఆయన తన పత్రికలో పెద్ద వ్యాసము వ్రాసి, ఈ చిత్రాలను విడదీయరాదని, వరుసను దేశము కొరకు నిలుపవలెనని కోరినాడు. ప్రభుత్వము వినలేదు. చిత్రాలు ఒక్కొక్కటిగా అమ్ముడుపోయినవి. క్లెమెన్సో ప్రధానమంత్రిగా ఉన్న 1907లో ప్రభుత్వము వాటిలో ఒక్కదానిని కొన్నది. కామొందో ప్రభువు సేకరించి దేశానికి వదలిన నాలుగు 1911లో చేరినవి. ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియములో అయిదు ఉన్నవి. తక్కినవి వాషింగ్టన్, బోస్టన్, న్యూయార్క్, మాస్కో మొదలైన నగరాలలో చెదరి ఉన్నవి. ఇరవైని కలిపి చూచే అవకాశము ఆ ప్రదర్శనతోనే తీరిపోయినది. ప్రయోగపు ఫలితాల పట్టికను గళ్ళు గళ్ళుగా కత్తిరించి పది దేశాలకు పంచిపెట్టినట్లయినది.

అయినప్పటికీ ఆ ఆలోచన చెదరలేదు. మోనే తానే 1899, 1900, 1901 సంవత్సరాలలో లండను వెళ్ళి, థేమ్సు నది వంతెనలను, పార్లమెంటు భవనమును పొగమంచులో అదే పద్ధతిలో చిత్రించినాడు. ఆ పార్లమెంటు చిత్రాలలో సూర్యుడున్న స్థానమును బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమువారు ఖగోళ గణితముతో పోల్చి, వాటి తేదీలను, వేళలను అంచనాకట్టి 2006లో ప్రకటించినారు. టర్నర్, మోనేల చిత్రాలలో గీతలు మసకబారడానికి, వెలుగు తెల్లబడడానికి ఆనాటి బొగ్గుపొగకు సంబంధమున్నదని 2023లో ఇంకొక పరిశోధన వెలువడినది. అమెరికా చిత్రకారుడు లిక్టెన్‌స్టైన్ 1969లో అదే రూవాన్ ముఖమును అచ్చుయంత్రపు చుక్కలతో, వేరువేరు రంగుల జతలతో వేసినాడు. దగ్గర చుక్కలే ఉంటవి, దూరముపోతే దేవాలయము కనబడుతుంది. రంగులను కలిపేది కన్నే అనే సంగతిని ఆయన ఇంకొక తీరుగా చూపినాడు.

రాయి మాత్రము శాశ్వతము కాలేకపోయినది. 1944లో రెండవ ప్రపంచ యుద్ధపు బాంబులు, మంటలు ఆ దేవాలయమును తీవ్రముగా దెబ్బతీసినవి. సెయిన్ రొమేన్ గోపురము పైభాగము కాలిపోయినది. తరువాత ఎన్నో ఏండ్లు మరమ్మతు చేసినారు. 1892నాటి రాయి అచ్చముగా నేడు లేదు. దానిమీద పడి ఏడు నిమిషాలకు మించి నిలువని వెలుగు మాత్రము పటాలమీద నిలిచి ఉన్నది.

మోనే చేసిన పనిని మనము కూడా కొద్దిగా చేసి చూడవచ్చును. రంగులు, కుంచెలు అక్కరలేదు. ఎదుటి సున్నపుగోడను ఒక ఎండరోజు ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము చూడండి. కాగితమును చుట్టి గొట్టముగా చేసి, దానిలోనుంచి ఎండ పడిన భాగమును, నీడ పడిన భాగమును విడివిడిగా చూడండి. గోడ తెల్లనిదన్న సంగతి ఒక్క నిమిషము మరచి, ఏమి కనబడినదో మూడు వేళలలోను వ్రాసిపెట్టుకొని పోల్చి చూడండి. గోడ ఏ రంగు అని మరునాడు ఎవరైనా అడిగితే, “ఎప్పుడు?” అని ఎదురు ప్రశ్న వేయాలని మీకే తోచుతుంది.